నూనెగింజల నాణ్యతకు కాంతి పరీక్ష

నూనెగింజ నాణ్యత ఒక్క నూనె శాతంతో తేలేది కాదు. ఆ నూనెలో ఏ కొవ్వు ఆమ్లం ఎంత ఉంది, నూనె తీశాక మిగిలే చెక్కలో మాంసకృత్తులు ఎంత, అవి ఎంతవరకు అరుగుతాయి, పీచు ఎంత, పశువులకు హాని చేసే పదార్థాలేమైనా ఉన్నాయా అన్నవన్నీ చూస్తేనే నాణ్యత తెలుస్తుంది. వీటన్నిటినీ రసాయన పద్ధతుల్లో కొలవవచ్చు. అయితే కొలిచేసరికి గింజ మిగలదు. అణువుల కంపనాలను కాంతితో గుర్తించే వర్ణపట శాస్త్రం ఈ చిక్కును చాలావరకు విప్పింది. ఈ శాస్త్రం నేడు వాడుకుంటున్న సాధనాల్లో రెండు కలకత్తాలో పుట్టాయి. ఒకటి భౌతికశాస్త్రానిది, రెండోది గణాంకశాస్త్రానిది. ఆ రెండింటి ఎదుగుదలలోనూ తెలుగు శాస్త్రవేత్తల పాత్ర ఉంది.

ఆవగింజలో మంచి చెడులు

బెంగాలీ వంటలో ఆవనూనెదే మొదటి పీట. చేపల కూర, పచ్చడి, వేపుడు దేనికైనా అదే నూనె. ముర్షిదాబాద్ జిల్లా బహరంపూర్‌లో పప్పుధాన్యాలకు, నూనెగింజలకు ప్రత్యేకంగా ఒక పరిశోధన కేంద్రమే ఉంది. ఆవగింజ బరువు 3 నుంచి 5 మిల్లీగ్రాములు. అందులో సుమారు 40 శాతం నూనె. మిగిలిన చెక్కలో మూడోవంతుకు పైగా మాంసకృత్తులే.

ఆవనూనెలో సంతృప్త కొవ్వులు తక్కువ. ఒమేగా-3 వర్గానికి చెందిన లినోలెనిక్ ఆమ్లం చెప్పుకోదగినంత ఉంటుంది. ఇవి దాని మంచి గుణాలు. కానీ మన సంప్రదాయ రకాల నూనెలో 40 నుంచి 50 శాతం దాకా ఎరూసిక్ ఆమ్లం ఉంటుంది. ఇది 22 కార్బన్ల పొడవైన గొలుసు. ఈ ఆమ్లాన్ని ఎక్కువగా తినిపించిన ఎలుకల గుండె కండరంలో కొవ్వు పేరుకున్నట్టు ప్రయోగాల్లో తేలింది. చెక్కలో ఉండే గ్లూకోసినోలేట్లు రెండో సమస్య. గింజ నలిగినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము వీటిని విడగొట్టడం వల్లే ఆవ ఘాటు పుడుతుంది. వంటకు ఆ ఘాటే అందం. దాణాలో మోతాదు మించితే మాత్రం పశువుల థైరాయిడ్ గ్రంథి దెబ్బతింటుంది.

ఈ రెండింటినీ తగ్గించిన తొలి రకం ‘టవర్’, ఆవ కుటుంబానికే చెందిన రేప్ అనే నూనెగింజలో వచ్చింది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో బాల్డర్ స్టెఫాన్సన్ దాన్ని రూపొందించాడు. 1974లో అది విడుదలైంది. తరవాత ఈ వర్గానికి కనోలా అన్న పేరు స్థిరపడింది. నూనెలో ఎరూసిక్ ఆమ్లం 2 శాతానికి లోపు, నూనె తీసిన పిండి గ్రాముకు గ్లూకోసినోలేట్లు 30 మైక్రోమోల్‌లకు లోపు ఉంటేనే కనోలా అనిపించుకుంటుంది. మన దేశంలోనూ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తక్కువ ఎరూసిక్ ఆమ్లమున్న పూసా కరిష్మాను, తరవాత రెండూ తక్కువగా ఉండే పూసా మస్టర్డ్ 31ను అందించింది.

ఇలాంటి రకం కావాలంటే వేల మొక్కల గింజలను ఏటా పరీక్షించాలి. మంచివాటినే మళ్ళీ విత్తాలి. అసలు ఇబ్బంది ఇక్కడే ఎదురయింది.

పాత పద్ధతి, దాని ఇబ్బంది

నూనె శాతాన్ని కొలిచే పద్ధతిని జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ 1879లో ఇచ్చాడు. గింజలను పొడి చేసి, మరుగుతున్న ద్రావణితో గంటల తరబడి కడిగి, దిగిన నూనెను తూస్తారు. మాంసకృత్తుల కొలతకు డెన్మార్క్ రసాయనవేత్త యోహాన్ కెల్డాల్ 1883లో చూపిన పద్ధతి ఉంది. పొడిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉడికించి, నత్రజనిని కొలిచి, దాన్నుంచి మాంసకృత్తుల లెక్క కడతారు. కొవ్వు ఆమ్లాలను విడివిడిగా కొలవాలంటే నూనెను మిథైల్ ఎస్టర్లుగా మార్చి గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలోకి పంపాలి.

ఈ పద్ధతులు నమ్మదగినవే. ఇప్పటికీ ప్రమాణం ఇవే. అయితే ఖర్చూ కాలమూ ఎక్కువ. అంతకంటే ముఖ్యంగా, పరీక్షకు పొడి అయిన గింజ మళ్ళీ మొలవదు. 1963లో కెనడా పరిశోధకులు డౌనీ, హార్వీ దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. మొలకెత్తుతున్న గింజలోని రెండు బీజదళాల్లో ఒకదాన్ని కోసి పరీక్షకు పంపి, రెండోదాన్ని పిండంతో సహా పెంచారు. కనోలా కథ ఈ ‘సగం గింజ’ పద్ధతి మీదే నడిచింది. మిల్లీగ్రాముల గింజను చేత్తో చీల్చి, ఒక్కొక్కదానికి గుర్తు పెట్టుకుని, వేల సంఖ్యలో పెంచడం ఎంత ఓపికతో కూడిన పనో ఊహించవచ్చు. గింజను తాకకుండానే లోపలి సంగతి తెలుసుకునే మార్గం అందుకే అవసరమయింది.

బంధాల కంపనం

అణువులోని పరమాణువులు కదలకుండా ఉండవు. వాటి మధ్య బంధాలు సాగుతూ, ముడుచుకుంటూ, వంగుతూ ఉంటాయి. వీణలో తీగ బిగువును బట్టి, బరువును బట్టి స్వరం మారినట్టే, బంధం బలాన్ని బట్టి, దాని కొసల్లోని పరమాణువుల బరువును బట్టి కంపన వేగం మారుతుంది. తేలికైన హైడ్రోజన్ ఉన్న బంధం వేగంగా కంపిస్తుంది. ద్విబంధం ఏకబంధం కంటే వేగంగా కంపిస్తుంది. కాబట్టి కంపన వేగం తెలిస్తే బంధం ఏదో తెలుస్తుంది. బంధాలు తెలిస్తే పదార్థం తెలుస్తుంది.

ఈ కంపనాలను గుర్తించడానికి రెండు దారులున్నాయి. మొదటిది శోషణం. కంపన వేగానికి సరిపోయే పరారుణ కాంతి తగిలితే బంధం దాన్ని పీల్చుకుంటుంది. ఏ తరంగాల దగ్గర కాంతి తగ్గిందో గీస్తే అదే పరారుణ వర్ణపటం. రెండోది పరిక్షేపణం. కంటికి కనిపించే ఒకే రంగు కాంతిని పదార్థం మీదికి పంపితే, చెదిరిన కాంతిలో దాదాపు అంతా అదే రంగులో వస్తుంది. ఏ కోటిలో ఒక వంతో మాత్రం తన శక్తిలో కొంత అణువు కంపనానికి ఇచ్చి, రంగు మార్చుకుని బయటికి వస్తుంది. మారిన ఆ తేడాయే కంపనం కొలత. ఈ రెండో దారి తెరుచుకున్నది కలకత్తాలోనే.

బౌబజారులో గ్లిసరిన్

1876లో మహేంద్రలాల్ సర్కార్ స్థాపించిన ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అప్పట్లో 210 బౌబజారు వీధిలో ఉండేది. 1907లో కలకత్తాకు ఆర్థిక శాఖ అధికారిగా వచ్చిన చంద్రశేఖర వెంకట రామన్ ఖాళీ వేళల్లో అక్కడ పరిశోధన మొదలుపెట్టాడు. ఆయన బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. రామన్ 1917లో ఉద్యోగం వదిలి కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

ద్రవాల్లో చెదిరే కాంతిని ఆయన బృందం ఏళ్ళ తరబడి పరిశీలించింది. ఆ వరుసలో ఎస్. వెంకటేశ్వరన్ బాగా శుద్ధిచేసిన గ్లిసరిన్ మీదికి సూర్యకాంతిని పంపి చూశాడు. చెదిరిన కాంతి మామూలుగా ఉండే నీలిరంగులో కాక మెరిసే ఆకుపచ్చగా కనిపించింది. మలినాలు మెరవడం వల్ల ఇలా జరిగి ఉంటే ఆ కాంతికి ధ్రువణం ఉండకూడదు. ఇక్కడ ధ్రువణం స్పష్టంగా కనిపించింది. అంటే ఇది మెరుపు కాదు, కొత్త రకం పరిక్షేపణం. దూరదర్శిని కటకంతో సూర్యకాంతిని కూర్చి, ఒక రంగు వడపోత గాజును కాంతి దారిలో, దానికి వ్యతిరేకమైన రంగు గాజును కంటి ముందు పెట్టి రామన్, కె.ఎస్. కృష్ణన్ అనేక ద్రవాలను పరీక్షించారు. రెండు గాజులకూ మధ్య కాంతి రంగులో ఏ మార్పూ లేకపోతే కంటికి ఏ వెలుగూ చేరకూడదు. అయినా వెలుగు కనిపించింది. 1928 ఫిబ్రవరి 28న పాదరస దీపపు కాంతిని వర్ణపటదర్శినిలో చూసినప్పుడు కొత్త రేఖలు విడిగా తేలాయి. దీన్నే రామన్ ఫలితం అంటారు, ఇలా తీసిన వర్ణపటాన్ని రామన్ వర్ణపటం అంటారు. 1930లో రామన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

నూనెగింజల విషయంలో ఈ గ్లిసరిన్‌కు ఒక విశేషం ఉంది. ప్రతి వంటనూనె అణువుకూ వెన్నెముక గ్లిసరిన్ అణువే. దానికి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుంటే ట్రైగ్లిసరైడ్ అవుతుంది. అదే నూనె.

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదువు ముగించి, 1928లోనే కలకత్తాలో రామన్ దగ్గర చేరాడు. తరవాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఈ పరిశోధనను కొనసాగించాడు. కాంతి పరిక్షేపణం మీద, రామన్ ఫలితం మీద ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథాన్ని ఆ విశ్వవిద్యాలయం 1940లో ప్రచురించింది. అణువు ఆకృతిలోని సౌష్ఠవాన్ని బట్టి ఏ కంపనం రామన్ వర్ణపటంలో కనిపిస్తుందో, ఏది కనిపించదో ముందే లెక్కగట్టే పద్ధతిని వివరించడంలో ఆయనది పెద్ద చేయి.

ఆవనూనె వర్ణపటం చదవడం

వర్ణపటంలో స్థానాలను తరంగసంఖ్యతో చెబుతారు. అంటే ఒక సెంటీమీటరు పొడవులో ఎన్ని తరంగాలు పడతాయన్న లెక్క. ఒక చుక్క ఆవనూనె పరారుణ వర్ణపటాన్ని చూస్తే 2920, 2850 దగ్గర రెండు లోతైన శోషణ పట్టీలు ఉంటాయి. అవి కార్బన్ గొలుసులోని కార్బన్–హైడ్రోజన్ బంధాలవి. 1745 దగ్గర నిటారుగా దిగే పట్టీ గ్లిసరిన్‌కూ కొవ్వు ఆమ్లానికీ మధ్య ఉన్న ఎస్టర్ బంధానిది. నూనె ఎంత ఉందో చెప్పేది ప్రధానంగా ఇదే. పిండి చేసిన గింజనే పరీక్షిస్తే వీటితోపాటు 1650, 1550 దగ్గర మాంసకృత్తుల పట్టీలు, 1000–1100 మధ్య పిండిపదార్థాలు, పీచు తాలూకు పట్టీలు కనిపిస్తాయి. ఒకే బొమ్మలో నూనె, మాంసకృత్తులు, పీచు వేరువేరు చోట్ల కనబడతాయన్నమాట.

3005–3010 మధ్య ఉండే చిన్న పట్టీకి ఎక్కువ విలువ ఉంది. ద్విబంధాన్ని అంటిపెట్టుకున్న హైడ్రోజన్ చేసే కంపనం అది. ఓలియిక్ ఆమ్లం ఎక్కువున్న ఆలివ్ నూనెలో అది 3005 చుట్టుపక్కల, లినోలెనిక్ ఆమ్లం నిండిన అవిసె నూనెలో 3010 చుట్టుపక్కల ఉంటుంది. ఓలియిక్ ఆమ్లంలో ఒక ద్విబంధం, లినోలియిక్‌లో రెండు, లినోలెనిక్‌లో మూడు ఉండడమే ఈ స్థానం మార్పుకు కారణం. 966 దగ్గర పట్టీ తేలితే నూనెలో ట్రాన్స్ కొవ్వులు ఉన్నట్టే.

కార్బన్–కార్బన్ ద్విబంధం సాగినప్పుడు విద్యుదావేశాల అమరిక పెద్దగా మారదు. అందుకని పరారుణ వర్ణపటంలో అది మసకగా ఉంటుంది. రామన్ వర్ణపటంలో మాత్రం 1655 దగ్గర ఎత్తుగా లేస్తుంది. గొలుసు మొత్తాన్ని సూచించే 1440 శిఖరంతో దీన్ని పోల్చితే నూనె ఎంత అసంతృప్తమో తెలుస్తుంది. రసాయనశాలలో అయోడిన్ విలువ అని కొలిచేది దీన్నే. కొబ్బరినూనెకు అది 10 లోపు, ఆవనూనెకు 100 అటూ ఇటూ, అవిసె నూనెకు 170కి పైన. 1525, 1157 దగ్గర కనిపించే శిఖరాలు నూనెకు పసుపు రంగునిచ్చే కెరొటినాయిడ్లవి. పచ్చి గింజలోని పత్రహరితం లేజర్ తగలగానే మెరిసి ఈ శిఖరాలను ముంచేస్తుంది. అందుకే గింజల మీద 785 లేదా 1064 నానోమీటర్ల లేజర్లు వాడతారు. ఆ కాంతికి మెరుపు బాగా తగ్గుతుంది.

కాంతికి లెక్క తోడు

గింజను అసలు పొడి చేయకుండా పరీక్షించేందుకు వాడేది సమీప పరారుణ కాంతి. దాని పరిధి సుమారు 780 నుంచి 2500 నానోమీటర్లు. ఇది గింజలోకి కొంత లోతు దిగి తిరిగి వస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ బెల్ట్స్‌విల్ ప్రయోగశాలలో కార్ల్ నారిస్ 1960లలో దీన్ని ధాన్యం తేమ కొలిచేందుకు ఉపయోగంలోకి తెచ్చాడు. ఇందులో కనిపించేవి మూల కంపనాలు కావు, వాటి గుణిజాలు, కలయికలు. నూనె 1725, 2310 నానోమీటర్ల దగ్గర, నీరు 1450, 1940 దగ్గర, మాంసకృత్తులు 2180 దగ్గర కాంతిని పీలుస్తాయి. పట్టీలన్నీ వెడల్పుగా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. కంటితో చూసి ఏదీ చెప్పలేం.

కాబట్టి యంత్రానికి ముందుగా నేర్పాలి. రకరకాల నేలల్లో, రకరకాల ఏళ్ళలో పండిన వందల నమూనాలకు వర్ణపటం తీస్తారు. అవే నమూనాలను సాక్స్‌లెట్, కెల్డాల్, క్రొమటోగ్రఫీ పద్ధతుల్లో కొలుస్తారు. వర్ణపటంలోని వందల అంకెలకూ ప్రయోగశాల కొలతకూ మధ్య సంబంధాన్ని గణాంక పద్ధతితో రాబడతారు. నేర్పేటప్పుడు చూపని నమూనాల మీద ఆ సంబంధాన్ని పరీక్షించి, నిలిస్తేనే వాడతారు. ప్రయోగశాల కొలత తప్పయితే యంత్రం ఆ తప్పునే నేర్చుకుంటుంది. కాంతి పరీక్ష రసాయన పరీక్షను తొలగించలేదు, దాని మీద ఆధారపడే నిలబడింది.

ఈ మెట్టులో మరోసారి కలకత్తా పేరు వస్తుంది. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించాడు. మనుషుల దేహ కొలతలను పోల్చే పనిలో ఉండగా, పొడవు, వెడల్పు వంటి అనేక కొలతలను ఒకదానితో ఒకటి ఉన్న సంబంధంతో సహా లెక్కలోకి తీసుకునే దూరమానాన్ని రూపొందించి 1936లో ప్రచురించాడు. అదే మహలనోబిస్ దూరం. సమీప పరారుణ యంత్రాల్లో ఇది కాపలాదారు. కొత్త గింజ వర్ణపటం, నేర్పిన నమూనాల గుంపు కేంద్రానికి ఎంత దూరంలో ఉందో ఇది చెబుతుంది. ఆ దూరం 3 దాటితే యంత్రం చూపే అంకెను నమ్మకూడదని, ఆ గింజను రసాయన పరీక్షకు పంపాలని వాడుకలో ఒక నియమం ఉంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు 1941లో మహలనోబిస్ స్థాపించిన ఆ సంస్థలో చేరాడు. అనేక కొలతల ఆధారంగా ఒక నమూనా ఏ వర్గానికి చెందుతుందో తేల్చే పద్ధతిపై 1948లో, అనేక కొలతలను కొద్ది ముఖ్యాంశాలుగా కుదించే పద్ధతిపై 1964లో ఆయన రాసిన వ్యాసాలు ఈ రంగానికి మూలస్తంభాల వంటివి. వర్ణపటాన్ని చూసి ఇది ఆవనూనె, ఇది కల్తీ అని వర్గీకరించే ప్రతి పరికరంలోనూ ఆ ఆలోచనలు పనిచేస్తున్నాయి.

పటాన్‌చెరులో వేరుశనగ

గింజ చెడని పరీక్ష వల్ల కలిగిన మేలు వేరుశనగలో స్పష్టంగా కనిపిస్తుంది. మామూలు వేరుశనగ నూనెలో ఓలియిక్ ఆమ్లం సగం అటూ ఇటూ, లినోలియిక్ ఆమ్లం మూడోవంతు అటూ ఇటూ ఉంటాయి. లినోలియిక్ ఆమ్లం ఓలియిక్ కంటే దాదాపు పది రెట్లు వేగంగా ఆక్సిజన్‌తో కలుస్తుంది. పల్లీలు, పల్లీ చిక్కీలు నిల్వ ఉంచితే ముక్కిపోవడానికి మూలం అదే. ఓలియిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉన్న ఒక వేరుశనగ వరసను అమెరికాలోని ఫ్లోరిడాలో 1987లో గుర్తించారు. ఓలియిక్‌ను లినోలియిక్‌గా మార్చే రెండు జన్యువులు దెబ్బతినడమే దానికి కారణమని తరవాత తెలిసింది.

ఈ గుణాన్ని మన రకాల్లోకి తేవడానికి హైదరాబాదు శివారు పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి పనిచేశాయి. సంకరం చేశాక వచ్చే తరాల్లో వేల గింజలు చేతికొస్తాయి. వాటిలో రెండు జన్యువులూ మారినవి కొద్ది మాత్రమే. డీఎన్‌ఏ గుర్తులతో ఒక వడపోత, పొడి చేయని గింజలకు సమీప పరారుణ పరీక్షతో మరో వడపోత జరిగాయి. గింజలను గిన్నెలో పోసి యంత్రంలో పెడితే నూనె, మాంసకృత్తులు, ఓలియిక్, లినోలియిక్ శాతాలు నిమిషం రెండు నిమిషాల్లో తెలుస్తాయి. ఆ గింజలనే తొలకరికి నాటవచ్చు. గిర్నార్ 4, గిర్నార్ 5 అన్న అధిక ఓలియిక్ రకాలు ఈ కృషి ఫలాలు.

చెక్కలోని మాంసకృత్తుల అమరిక

పరిమాణం ఒక్కటే పోషణను నిర్ణయించదు. కెల్డాల్ పరీక్షలో ఒకే అంకె వచ్చిన రెండు చెక్కలను పశువు ఒకేలా అరిగించుకోదు. మాంసకృత్తి గొలుసు ఎలా మడతపడిందో దాన్ని బట్టి ఎంజైములకు లొంగడం ఉంటుంది. పరారుణ వర్ణపటం ఈ మడతలనూ చూపుతుంది. 1650 ప్రాంతపు పట్టీని నిశితంగా విడదీస్తే, మెలి తిరిగిన ఆల్ఫా రూపం 1655 దగ్గర, పొరలుగా పరుచుకున్న బీటా రూపం 1630 దగ్గర కనిపిస్తాయి. బీటా వాటా పెరిగిన కొద్దీ మాంసకృత్తి అరగడం కష్టమయ్యే ధోరణి ఉంది. నూనె తీసేటప్పుడు వేడి ఎంత తగిలిందో దాన్ని బట్టి ఈ నిష్పత్తి మారుతుంది.

కెనడాలోని సస్కచ్చివాన్ విశ్వవిద్యాలయంలో పెయ్‌చియాంగ్ యూ బృందం సింక్రోట్రాన్ అనే కణ త్వరణ యంత్రం నుంచి వచ్చే ప్రకాశవంతమైన పరారుణ కాంతితో ఈ పనిని గింజ కణజాలం దాకా తీసుకెళ్ళింది. ఆ కాంతిని కొన్ని మైక్రాన్ల చుక్కగా కుదించి, సన్నగా కోసిన గింజ ముక్క మీద అడుగడుగునా వర్ణపటం తీయవచ్చు. పైతొక్కలో పీచు ఎక్కడ దట్టంగా ఉంది, బీజదళంలో నూనె, మాంసకృత్తులు ఎలా పరుచుకున్నాయి అన్నది పటంలా బయటపడుతుంది. పసుపు గింజల రకాల్లో పైతొక్క పలచన కాబట్టి పీచు తక్కువ. బెంగాల్‌లో పండే పసుపు ఆవకు ఈ గుణం ఉంది.

కల్తీ, పరీక్షకున్న హద్దులు

ఆవనూనె కల్తీ కోల్‌కతాకు పాత గాయం. కాళ్ళు వాచి, గుండె బలహీనపడే ‘డ్రాప్సీ’ మహమ్మారి మొదటిసారి నమోదైంది 1877లో ఈ నగరంలోనే. ఆవగింజల్లో బ్రహ్మదండి గింజలు కలవడం, వాటిలోని శాంగ్వినరిన్ అనే విషం నూనెలోకి దిగడం దీనికి కారణమని తరవాతి కాలంలో రుజువైంది. 1988లో నగరంలోని బెహాలా ప్రాంతంలో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ కలిసిన వంటనూనె తిని వందల మందికి కాళ్ళూ చేతులూ చచ్చుబడ్డాయి.

చవక నూనె పెద్ద మోతాదులో కలిపితే పరారుణ, రామన్ వర్ణపటాలు క్షణాల్లో పట్టేస్తాయి. నూనె ద్విబంధాల లెక్క మారిపోవడమే అందుకు ఆధారం. శాంగ్వినరిన్ వంటి విషం వెయ్యింట ఒక వంతు కంటే తక్కువగా ఉన్నా ప్రమాదమే. అంత స్వల్ప పరిమాణం సాధారణ పరారుణ వర్ణపటంలో నూనె పట్టీల కింద దాగిపోతుంది. దాని ప్రత్యేక మెరుపును కొలిచే పరికరం గానీ, క్రొమటోగ్రఫీ గానీ కావాలి. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం విషయంలోనూ ఇంతే. విటమిన్ ఇ వంటి సూక్ష్మ పోషకాలకు కూడా రసాయన పరీక్షే ప్రమాణం.

మరికొన్ని హద్దులున్నాయి. తేమ మారితే సమీప పరారుణ అంకెలు మారతాయి. ఒక యంత్రానికి నేర్పిన లెక్క మరో యంత్రానికి నేరుగా సరిపోదు. కనోలా గింజలతో నేర్పిన యంత్రం ఎరూసిక్ ఆమ్లం నిండిన బెంగాల్ ఆవకు సరైన జవాబివ్వదు. కాబట్టి ప్రతి ప్రాంతం తన పంటలతో, తన నేలలతో, తన రకాలతో సొంత నమూనాల భాండాగారాన్ని పెంచుకోవాలి. ఏటా కొత్త నమూనాలు చేర్చి దాన్ని సరిచూసుకోవాలి. అది శ్రమతో కూడినదే గానీ దాని ఫలం పెద్దది. మార్కెట్ యార్డులో రైతు తెచ్చిన బస్తాకు బరువును బట్టే కాక నూనె శాతాన్ని, కొవ్వు ఆమ్లాల నాణ్యతను బట్టి అక్కడికక్కడ ధర కట్టడం అప్పుడే సాధ్యమవుతుంది. పోషకవిలువ పెంచిన రకాన్ని పండించిన రైతుకు అదనపు ధర దక్కితేనే అలాంటి రకాలు పొలాల్లో నిలుస్తాయి.